బడి ఎంచుకునే ముందే బస్సు సంగతి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా వేడుకల్లో మన శనివారం తెలుగు బడి పిల్లలు చెప్పిన పద్యాల గురించి ఈ నెల వార్తాలేఖలో రాయాలనుకున్నాను. అయితే గడచిన రెండు వారాల్లో ప్రైమరీ బడిలో చివరి తరగతైన ఇయర్ సిక్స్ పిల్లల తల్లిదండ్రులు నలుగురు వేర్వేరుగా వచ్చి ఒకే ప్రశ్న అడిగారు: "టీచర్‌గారూ, సెకండరీ స్కూల్‌కి వెళ్లిరావడానికి కౌన్సిల్ బస్ పాస్ ఇస్తుందట కదా, ఎప్పుడు అప్లై చేయాలి?" వచ్చే సెప్టెంబరు ముందు చేయవచ్చని వారు అనుకుంటున్నారు. దరఖాస్తు అప్పుడే చేస్తారు, నిజమే. కానీ సాయం వస్తుందా రాదా అన్నది చాలావరకు ఈ అక్టోబరు 31 లోపు మీరు పంపే బడుల ఎంపిక పత్రంతోనే తేలిపోతుంది. అందుకే పద్యాల ముచ్చట వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ సంగతి ముందుగా రాస్తున్నాను. ప్రైమరీ బడికి దరఖాస్తు చేసేవారికి గడువు జనవరి 15 కాబట్టి, చిన్నపిల్లల తల్లిదండ్రులు కూడా దీన్ని చదవవలసిందిగా కోరుతున్నాను.

ఇంగ్లండ్‌లో 1996 నాటి విద్యా చట్టం ప్రకారం, అర్హత ఉన్న పిల్లలు ఇంటి నుంచి బడికి ఉచితంగా వెళ్లివచ్చే ఏర్పాటు చేయడం స్థానిక కౌన్సిల్ బాధ్యత. ఆ అర్హతల్లో మొదటిది, అందరికీ వర్తించేది దూరం. 8 ఏళ్లు నిండని పిల్లలకు 2 మైళ్లు, అంటే సుమారు 3.2 కిలోమీటర్లు, 8 నుంచి 16 ఏళ్ల వరకు 3 మైళ్లు, అంటే సుమారు 4.8 కిలోమీటర్లు. బడి అంతకు మించిన దూరంలో ఉంటే కౌన్సిల్ ఉచిత ప్రయాణం ఏర్పాటు చేయాలి. ఈ హక్కుకు మీ జీతంతో సంబంధం లేదు. ఇంట్లో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైనా వర్తిస్తుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ వాక్యంలోనే ఉన్న మరో షరతు మాత్రం మన కుటుంబాల్లో ఎక్కువమంది చూడకుండా దాటిపోతున్నారు: ఆ బడి మీ ఇంటికి "అత్యంత సమీపంలో ఉన్న, సీటు దొరికే, తగిన బడి" అయి ఉండాలి.

"తగిన" అన్న మాటకు మనం ఇచ్చుకునే అర్థం వేరు, చట్టం ఇచ్చే అర్థం వేరు. మన దృష్టిలో తగిన బడి అంటే ఫలితాలు బాగా వచ్చే బడి, బడులను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ దగ్గర పేరు తెచ్చుకున్న బడి, మేనమామ కొడుకు చదివిన బడి. చట్టం దృష్టిలో పిల్లవాడి వయసుకు, సామర్థ్యానికి, ప్రత్యేక అవసరాలేవైనా ఉంటే వాటికి సరిపడా చదువు చెప్పగలిగిన ఏ బడి అయినా తగినదే. తల్లిదండ్రుల ఇష్టాయిష్టాలు ఆ లెక్కలోకి రావు. ఇష్టమైన బడికి దరఖాస్తు చేసే హక్కు మీకు ఉంది. ఆ ఇష్టానికి బస్సు ఖర్చు కౌన్సిల్ భరించాలన్న హక్కు మాత్రం లేదు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్లనే ఇబ్బంది వస్తోంది.

గతంలో మన బడిలోని ఒక కుటుంబానికి జరిగింది వారి అనుమతితో, పేరు లేకుండా చెబుతాను. అమ్మాయి లెవెన్ ప్లస్ ప్రవేశ పరీక్ష పాసై, ఆ పరీక్ష ద్వారా పిల్లలను చేర్చుకునే, ఇంటికి 9 మైళ్ల దూరంలో ఉన్న గ్రామర్ స్కూల్లో సీటు తెచ్చుకుంది. ఆ వారం మన స్టాఫ్ గదిలో అందరం మైసూర్‌పాక్ తిన్నాం. ఆగస్టులో బస్ పాస్‌కు దరఖాస్తు చేస్తే, ఇంటికి మైలున్నర దూరంలోనే సీట్లున్న మామూలు సెకండరీ స్కూల్ ఉందని, దానికి వారు అసలు దరఖాస్తే చేయలేదని చెప్పి కౌన్సిల్ నిరాకరించింది. 9 మైళ్ల దూరం చూసి సాయం తప్పక వస్తుందనుకున్న తల్లిదండ్రులు ఆశ్చర్యపోయారు. గ్రామర్ స్కూల్ విషయంలో కౌన్సిళ్లన్నీ ఒకే మాట రాసుకోవు కనుక మీ కౌన్సిల్ ప్రచురించే ప్రయాణ విధాన పత్రంలో ఆ భాగాన్ని వెతికి చదవండి. కానీ పరీక్ష పాసైనంత మాత్రాన బస్సు దానంతట అదే వస్తుందని మాత్రం ఎక్కడా అనుకోవద్దు. బడి సంవత్సరంలో పిల్లలు హాజరయ్యేది 190 రోజులు. ఒక్కో ప్రయాణానికి 3 పౌండ్లు పెట్టినా రానూపోనూ కలిపి ఏడాదికి 1,140 పౌండ్లు అవుతుంది. టర్మ్ టికెట్ కొంటే కొంత తగ్గవచ్చు. ఏడేళ్ల చదువుకు, ఇద్దరు పిల్లలకు ఎంతవుతుందో కాగితం మీద వేసి చూసుకున్న తరువాతే దూరపు బడి పేరు రాయమని నా మనవి. ఆ కుటుంబం గ్రామర్ స్కూల్‌నే కొనసాగించింది, సొంత ఖర్చుతో. ముందే తెలిసినా అదే చేసేవాళ్లమని తండ్రి అన్నారు. అది వారి నిర్ణయం, మంచి నిర్ణయమే కావచ్చు. తెలిసి తీసుకున్నదై ఉంటే బాగుండేదని మాత్రమే నేను అనేది.

ఎంపిక పత్రంలో వరుసక్రమం కూడా ముఖ్యమే. కనీసం 3 బడుల పేర్లు, కొన్ని కౌన్సిళ్లలో 6 వరకు రాయవచ్చు. దగ్గరి బడిని చివర రాసి, దూరపు బడిని మొదట రాసి, ఆ మొదటిదే దొరికిందనుకోండి. దగ్గరి బడిని పైన రాసి ఉంటే అక్కడ సీటు వచ్చేదే కదా అని కౌన్సిల్ అనగలదు. అదే దగ్గరి బడిని పైన రాసినా సీట్లు నిండిపోయి దొరకకపోతే, ఆ తరువాత సీటున్న బడే మీకు "అత్యంత సమీప తగిన బడి" అవుతుంది. అది 3 మైళ్లు దాటితే ప్రయాణ సాయం మీ హక్కు. ఫలితాలు సెకండరీకి మార్చి 1న, ప్రైమరీకి ఏప్రిల్ 16న వస్తాయి. దగ్గరి బడిలో సీటు లేదని వచ్చిన ఉత్తరం గానీ ఈమెయిల్ గానీ ఉంటే పారేయకండి, అదే మీకు రుజువు.

దూరం కొలిచే పద్ధతి గురించి కూడా ఒక మాట. చాలా బడులు సీట్లు ఇచ్చేటప్పుడు ఇంటికీ బడికీ మధ్య సరళరేఖ గీసి కొలుస్తాయి. ప్రయాణ సాయానికి అలా కాదు. అవసరమైతే పెద్దవారు తోడుండగా పిల్లవాడు క్షేమంగా నడవగలిగిన అతి దగ్గరి దారిని కొలుస్తారు. అందులో పొలాల మధ్య కాలిబాటలు, గుర్రపు బాటలు కూడా ఉండవచ్చు. కారులో మీటరు చూసి 3.2 మైళ్లు వచ్చిందని ధీమాగా ఉండకండి. పార్కు వెనక సందు గుండా వెళితే 2.8 మైళ్లే కావచ్చు. దీనికి రెండోవైపు కూడా ఉంది: దూరం తక్కువైనా ఆ దారి నడవడానికి క్షేమం కాకపోతే, వేరే క్షేమమైన దారీ లేకపోతే, పిల్లవాడికి సాయం పొందే హక్కు ఉంటుంది. ఫుట్‌పాత్ లేని వేగవంతమైన రోడ్డు పక్కన నడవాల్సి వస్తే ఫోటోలు తీసి, ఆ దారిని మదింపు చేయమని కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగండి.

అయితే క్షేమం అన్న లెక్కలో, పెద్దవారు తోడు రాగలరన్నది ముందే అనుకునే విషయం. మన బడిలో నైట్ షిఫ్టు చేసే నర్సులు, కేర్ హోముల్లో పనిచేసేవారు ఎందరో ఉన్నారు. ఉదయం 8 గంటలకు ఇంకా వార్డులోనే ఉన్నామన్నది ఎంత నిజమైనా, ఉద్యోగ వేళలు గానీ, మరో బిడ్డను వేరే బడిలో దింపాలన్న కారణం గానీ సాధారణంగా సరిపోవని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇది నాకు న్యాయంగా అనిపించదు. అయినా దరఖాస్తులో ఆ ఒక్క కారణమే రాసి తిరస్కారం తెచ్చుకోకుండా ఉండాలని ముందే చెబుతున్నాను. అనారోగ్యం, వైకల్యం వంటి కారణాలు ఉంటే, డాక్టరు ఉత్తరంతో సహా అవి తప్పక రాయండి.

ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు చట్టం కొన్ని అదనపు హక్కులు ఇచ్చింది. ప్రభుత్వ భృతుల ఆధారంగా బడిలో ఉచిత భోజనానికి అర్హులైన పిల్లల్లో 8 నుంచి 10 ఏళ్ల వారికి సమీప బడి 2 మైళ్లు దాటితే చాలు. 11 నుంచి 16 ఏళ్ల వారికి సమీపంలోని తగిన 3 బడుల్లో ఏదైనా ఒకటి 2 నుంచి 6 మైళ్ల మధ్య ఉన్నా సాయం వస్తుంది. మతవిశ్వాసం కారణంగా ఎంచుకున్న సమీప బడి అయితే ఆ హద్దు 15 మైళ్లు. అంటే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి మొదటి బడి కాకుండా రెండోది, మూడోది ఎంచుకునే వీలు చట్టమే కల్పించింది. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతోంది: రిసెప్షన్ నుంచి ఇయర్ టూ వరకు, అంటే ప్రైమరీ బడి మొదటి మూడు తరగతుల్లో, పిల్లలందరికీ ఇచ్చే భోజనం ఈ లెక్కలోకి రాదు. ఆదాయం ఆధారంగా విడిగా దరఖాస్తు చేసుకుని అర్హత పొందాలి. "అలా అడిగితే చిన్నతనం" అనుకుని దరఖాస్తు మానేసిన వారు మనలో ఉన్నారని నాకు తెలుసు. ఎవరు తీసుకుంటున్నారో తోటి పిల్లలకు తెలియనవసరం లేదు, మన బంధువులకు అసలే తెలియదు.

వీసా గురించి భయపడేవారికి విడిగా రాస్తున్నాను. మీ వీసా మీద "పబ్లిక్ ఫండ్స్ తీసుకోరాదు" అని ఉన్నంత మాత్రాన బడి ప్రయాణం అడగకూడదని కాదు. ఇమిగ్రేషన్ నిబంధనల్లోని ఆ జాబితాలో పేర్కొన్నవి భృతులు, గృహవసతి సాయం వంటివి. బడి ప్రయాణ సాయం అందులో లేదు. దూరాన్ని బట్టి వచ్చే హక్కుకు మీ భృతులతో పనే లేదు. అటువంటి కుటుంబాల పిల్లలకు కూడా ఆదాయ పరిమితికి లోబడి ఉచిత భోజనం ఇస్తున్నారు. అయితే భోజనం వచ్చింది కనుక పై పేరాలోని అదనపు ప్రయాణ హక్కులు కూడా వచ్చేశాయని అనుకోకుండా, కౌన్సిల్‌ను అడిగి జవాబు రాతలో తీసుకోండి.

ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లల సంగతి మనలో బయటకు మాట్లాడేవారు తక్కువ. ప్రత్యేక అవసరాల వల్ల గానీ, వైకల్యం వల్ల గానీ, కదలిక ఇబ్బంది వల్ల గానీ తోడు ఉన్నా నడిచి వెళ్లలేని బిడ్డకు దూరంతో నిమిత్తం లేకుండా ప్రయాణ సాయం అందాలి. ఇ.హెచ్.సి. ప్లాన్ (ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు ఏ సాయం అందాలో కౌన్సిల్ రాసిచ్చే చట్టబద్ధ పత్రం) ఉన్నంత మాత్రాన అది దానంతట అదే రాదు; అలాగే ప్లాన్ లేనంత మాత్రాన అర్హత పోదు. బిడ్డ నడవగలడు కానీ రోడ్డు మీద ప్రమాదం గుర్తించలేడు అన్నది కూడా చెప్పదగిన కారణమే. "మా వాడికేం లేదు, కాస్త అల్లరి" అని దరఖాస్తులో దాచిపెడితే నష్టపోయేది బిడ్డే.

సాయం ఏ రూపంలో ఇవ్వాలన్నది కౌన్సిల్ నిర్ణయిస్తుంది: మామూలు బస్సుకు పాస్ కావచ్చు, స్కూల్ కోచ్‌లో సీటు కావచ్చు, కొందరికి టాక్సీ కావచ్చు. మీరే కారులో దింపితే మైలుకు ఇంత అని డబ్బు ఇస్తామని కౌన్సిల్ అడగవచ్చు, కానీ మీరు ఒప్పుకుంటేనే. అర్హత లేనివారికి స్కూల్ కోచ్‌లో మిగిలిన సీట్లను కొన్ని కౌన్సిళ్లు డబ్బు తీసుకుని ఇస్తాయి. అర్హత ఉన్న పిల్లవాడు వస్తే ఆ సీటు మధ్యలోనే పోవచ్చు కాబట్టి దాని మీదే పూర్తిగా ఆధారపడవద్దు. 16 దాటిన పిల్లలకు ఈ హక్కులు వర్తించవు. సిక్స్త్ ఫారం వారు, అంటే 16 తరువాతి రెండేళ్ల చదువులో ఉన్నవారు, కౌన్సిల్ ప్రతి ఏటా మే 31 లోపు ప్రకటించే విధాన పత్రాన్ని చూసుకోవాలి, కాలేజీలో బర్సరీ (విద్యార్థులకు ఇచ్చే ఆర్థిక సాయం) గురించి అడగాలి. లండన్ నుంచి ఇటీవల ఇక్కడికి మారిన కుటుంబాలు గమనించాలి: అక్కడ జిప్ ఆయిస్టర్ కార్డుతో పిల్లలకు బస్సు ఉచితం, ఇక్కడ అటువంటిది లేదు.

కౌన్సిల్ కాదంటే అక్కడితో ఆగనవసరం లేదు. ప్రభుత్వ మార్గదర్శకాలు సూచించిన పద్ధతిలో, నిర్ణయం అందిన 20 పని దినాల్లో పునఃపరిశీలన కోరవచ్చు. దానికీ కాదంటే మరో 20 పని దినాల్లో స్వతంత్ర ప్యానెల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కౌన్సిల్ పద్ధతి ప్రకారం నడుచుకోలేదనిపిస్తే, ఆ తరువాత కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అప్పీలులో ఆవేదన కన్నా దారి పటం, కొలిచిన దూరం, తేదీలున్న ఉత్తరాలు ఎక్కువ పనిచేస్తాయి.

చాలామంది అడిగారు కనుక చెబుతున్నాను, మన శనివారం బడికి వచ్చే ప్రయాణానికి ఈ సాయం ఏదీ వర్తించదు. దానికి మనం మనమే కార్లు పంచుకోవాలి. ఎవరి పోస్ట్‌కోడ్ నుంచి ఎవరు వస్తారన్న జాబితాను ఆఫీసు బల్ల మీద ఉంచాను. ఇష్టమున్నవారు మీ వీధి పేరు, ఖాళీ సీట్ల సంఖ్య రాయండి. ఈ శనివారం, వచ్చే శనివారం రెండో పీరియడ్ తరువాత నేను, మరో ఇద్దరు ఉపాధ్యాయులు గ్రంథాలయం గదిలో కూర్చుంటాం. ఎంపిక పత్రం ఇంకా పంపనివారు మీ పోస్ట్‌కోడ్, అనుకుంటున్న బడుల పేర్లు, కౌన్సిల్ విధాన పత్రం ప్రతి తీసుకుని రండి. పత్రం పంపేసినవారు కూడా రావచ్చు. గడువు తేదీ వరకు దాన్ని మార్చుకునే వీలుంటుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
శనివారం తెలుగు బడి