నంబర్లకు కరువా, పట్టింపుకు కరువా?

సంపాదకులకు,

ఒకే ఓటరు కార్డు నంబరు వేర్వేరు రాష్ట్రాల్లో ఇద్దరికి ఉందన్న వార్త పోయిన వారం మీరు వేశారు. అదేదో కంప్యూటర్ చేసిన పొరపాటన్నట్టు రాయడం చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం.

ఓటరు కార్డు మీద ఉండే ఎపిక్ నంబరంటే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలు. అక్షరాలు నియోజకవర్గానికి కేటాయించిన సిరీస్. మొదటి ఆరంకెలు వరస సంఖ్య, ఏడోది సరిచూసుకునే అంకె. అంటే ఒక్కో సిరీస్‌లో పది లక్షల కార్డులకు ఒకటే తక్కువ. మన నియోజకవర్గాల్లో ఓటర్లు రెండు మూడు లక్షలు. మూడక్షరాల కూర్పులు 17,576 అయితే దేశంలో అసెంబ్లీ స్థానాలు నాలుగు వేల పైచిలుకు. ఇంత సరుకు పెట్టుకుని ఒకే సిరీస్‌ను రెండు చోట్ల వాడారు! 2000లో సిరీస్‌లు పంచితే కొందరు నమోదు అధికారులు సరైనది వాడలేదని, రాష్ట్రాలు ఎవరి జాబితా వారే చూసుకోవడంతో అది బయటపడలేదని 2025 మార్చిలో ఎన్నికల సంఘమే చెప్పింది. పాతికేళ్లకు తెలిసిందన్నమాట. సంతోషం.

ఏడో అంకె ఉందిగా అంటారేమో. అది టైపు చేసేటప్పుడు దొర్లే తప్పును పడుతుంది. అక్షరాలూ, వరస సంఖ్యా ఒకటే అయితే సరిచూసే అంకె కూడా ఒకటే వస్తుంది. రెండు కార్డులూ ‘సరైనవే’.

నంబరు ఒకటైనా ఎవరి పోలింగ్ కేంద్రంలో వారే ఓటేస్తారన్న సంఘం జవాబు నిజమే. బూత్‌లో చూసేది ఓటర్ల జాబితాలోని భాగం నంబరు, వరస నంబరు, ఫొటో. కానీ ఆ కార్డును ఏడాది పొడవునా వాడేది బ్యాంకులో, సిమ్ కార్డు దుకాణంలో. అక్కడ కౌంటర్ మీద కొట్టేది ఆ పది గుర్తులే. మూడు నెలల్లో కొత్త నంబర్లిచ్చి సరిచేస్తామన్నారు, బాగుంది. మరి పాత నంబరుతో తెరిచిన ఖాతా సంగతేమిటి? పాతదీ కొత్తదీ ఒకే మనిషివని చెప్పే కాగితం ఎవరిస్తారు? తహసీల్దారు కార్యాలయంలో అడిగితే బూత్ స్థాయి అధికారిని, అంటే బీఎల్‌వోను అడగమంటారు. ఆ బీఎల్‌వో ఏ అంగన్‌వాడీ కార్యకర్తో, బడి పంతులో. పిల్లల పని చూసుకుంటూనే ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. పేరులో ఒత్తు ఎగిరిపోతే సవరణ కోసం ఫారం-8 పెట్టి నెలలు ఆగాల్సింది మాత్రం ఓటరే. ఓటరు దినోత్సవం ఫ్లెక్సీలు ఏటా ఠంచనుగా వస్తాయి!

ఆధార్ నంబరును, మనిషి పోయినా, మరొకరికి ఇవ్వరన్న నియమం ఉంది. రద్దయిన ఎపిక్ నంబరుకూ అదే వర్తిస్తుందని సంఘం రాతపూర్వకంగా చెప్పాలి. మార్చిన ప్రతి కార్డు వెనుక పాత నంబరు అచ్చు వేయాలి. ఒక్క లైను చాలు, దానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

- ఒక పాఠకుడు, తెనాలి