ఉత్తరకాశికి వెళ్లబోయే ముందు

బిడ్డా,

ఉత్తరకాశిలో పర్వతారోహణ బేసిక్ కోర్సుకి సీటొచ్చిందని నువ్వు మెసేజ్ పెట్టగానే మీ నాన్న ఫోన్లో వెతికింది ఏంటో తెలుసా, 2022 అక్టోబరులో ద్రౌపది కా దండా శిఖరం దగ్గర మంచు విరుచుకుపడిన వార్త. అదే సంస్థలో అడ్వాన్స్ కోర్సు చేస్తున్నవాళ్లు, నేర్పేవాళ్లు కలిపి ఇరవైమందికి పైగా పోయారు. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది. అయినా వెళ్లు. ఎందుకు వెళ్లమంటున్నానో రాసే చెప్తా, ఫోన్లో అయితే మధ్యలోనే "సరేలే అమ్మా" అనేస్తావు.

ఉద్యోగం పోయినప్పటి నుంచి అందరూ నీకు స్ట్రాంగ్‌గా ఉండమనే చెప్తున్నారు. కొండెక్కి వస్తే రాటుదేలిపోతావని మీ బాబాయ్ లెక్క. 28 రోజుల్లో మనుషులు రాటుదేలిపోతే ఇంకేం, మండలానికొక కోర్సు పెట్టేవాళ్లు.

మన భువనగిరి ఖిల్లా బండ మీద పిల్లలకి క్లైంబింగ్ నేర్పుతుంటే నేను చాలాసార్లు నిలబడి చూశాను. ఒకసారి ఒక పిల్ల సగంలో ఆగిపోయింది, మోకాళ్లు గడగడా వణుకుతున్నాయి, ఏడుపొక్కటే తక్కువ. కింద తాడు పట్టుకున్న సారు భయపడకు అనలేదు. "ఎడమ కాలికి జానెడు పైన చిన్న గుంట ఉంది చూడు, అందులో పెట్టు" అన్నాడు, అంతే. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు గట్టిగా ఆనాకే నాలుగోది కదపాలట, అది వాళ్ల మొదటి పాఠం. ఆ పిల్ల ఇంకో నాలుగడుగులు పైకి వేసి, ఇక చాలంటే దించేశారు. తర్వాతి వారం మళ్లీ వచ్చింది.

మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కూడా ఈ బండ మీదే మొదలుపెట్టారు. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి, అవన్నీ అయ్యాకే 2014 మే 25న ఎవరెస్టు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు, నేపాల్ వైపు వయసు నిబంధన అడ్డం వస్తుందని టిబెట్ వైపు నుంచి ఎక్కారు. జనం శిఖరం మీద ఫొటో చూస్తారు గానీ నేను టీచర్ని కదా, నాకు ఆ వరస నచ్చింది. ఓర్చుకోగలిగినంత కష్టం, అది అలవాటయ్యాక ఇంకొంచెం, పక్కన తాడు పట్టుకోవడానికి ఒక మనిషి. ఉన్నట్టుండి మంచులోకి తోసేసి ఉంటే ఆ పిల్లలకి మిగిలేది బెదురే.

ఇక నీ సంగతి. జ్వరమొచ్చినా డోలో వేసుకుని బాగానే ఉన్నా అంటావు చూడు, అది అక్కడ పనికిరాదు. ఎత్తుకి వెళ్లే కొద్దీ గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది, తలనొప్పి, వికారం మొదలవుతాయి, అవి దాచిపెట్టి ఇంకా పైకి ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది. చెప్తే ఆపుతారు, తగ్గకపోతే కిందికి దింపుతారు. దిగితే దిగు, పరువేం పోదు. అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ 1909 జనవరిలో దక్షిణ ధ్రువానికి ఇంకా 180 కిలోమీటర్లు ఉందనగా, ముందుకెళ్తే తిరిగి రావడానికి తిండి చాలదని వెనక్కి తిరిగాడు. అతనితో కలిపి నలుగురూ ప్రాణాలతో వచ్చారు. నా క్లాసులో ధ్రువానికి మొదట చేరిన అముండ్సెన్ కన్నా ఇతని గురించే ఎక్కువసేపు చెప్తాను, పిల్లలు విసుక్కున్నా సరే.

అక్కడి నుంచి వచ్చాక కూడా ఇంటర్వ్యూలు ఇంటర్వ్యూల్లాగే ఉంటాయి, ఫోన్ రాని రోజులూ ఉంటాయి. తెల్లవారక ముందే చలిలో లేచి, తడి సాక్సులే వేసుకుని, ఆకలి లేకపోయినా తిని, బరువు మోయలేకపోతే పక్కవాళ్లని అడిగి నడిచావనుకో, అందులో ఆ అడగడం ఒక్కటి నీకు వంటబట్టినా నాకు చాలు. మిగతావి నీకు ముందే వచ్చు.

కొత్త బూట్లు ఇప్పటి నుంచే వేసుకుని మెట్లెక్కు, అక్కడికెళ్లాక తొడిగితే మడమలు బొబ్బలెక్కుతాయి. మెడికల్ సర్టిఫికెట్ ఫొటో నాన్నకి పంపు, ఆయన మనసు కొంచెం కుదుటపడుతుంది. నాన్నమ్మకి మాత్రం ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పాను, ఫోన్లో నోరు జారకు.

అమ్మ