పరిహారం ఆర్డరు చేతికొచ్చింది, డబ్బు రాలేదు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

పనిలో ప్రాణం పోతే కుటుంబానికి ఎంత ఇవ్వాలో చట్టంలో ఉంది. యజమాని చేతులెత్తేస్తే ఆ డబ్బు ఎవరిస్తారో మాత్రం లేదు. ఆ లోటు తీర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) ఉన్నవాళ్ల గురించి కాదు నేను రాస్తున్నది. అడ్డా మీది కూలీ, పదిమంది కూడా లేని షెడ్డులో వెల్డరు, బోరు బండి మీది కుర్రాడు, వీళ్ల గురించి. వీళ్లకు ఏం జరిగినా భారం యజమానిదే. ఆయన ఇన్సూరెన్సు తీసుకుంటే తీసుకున్నట్టు, లేకపోతే లేదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు. బండికి ఇన్సూరెన్సు లేకపోతే చలానా రాస్తారు. పరంజా మీద నిలబడే మనిషికి ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

మా బస్తీలో ఒక మేస్త్రీ మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఆ వయసుకు, నెలకు 15,000 జీతం లెక్కన చూస్తే, అందులో సగాన్ని, ఆ వయసుకు చట్టం పట్టికలో ఇచ్చిన 207.98తో హెచ్చించాలి. 15,59,850 రూపాయలు. ఆర్డరు వచ్చింది. కాంట్రాక్టరు కట్టలేదు. భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని ఫైలు రెవెన్యూ ఆఫీసుకు పంపారు. జప్తు చేద్దామంటే ఆయన పేరు మీద ఏమీ లేదు. ఆఫీసు లేదు, బోర్డు లేదు, ఉన్న ఫోనూ స్విచ్ఛాఫ్. ఇల్లు కట్టించుకున్నాయన్ని అడుగుదామంటే, కట్టడాలు ఆయన వ్యాపారం కాదు కాబట్టి, పని కాంట్రాక్టుకు ఇచ్చినవాళ్లే పరిహారం కట్టాలనే సెక్షన్ ఆయనకు వర్తించదన్నారు. ఆలస్యానికి 12 శాతం వడ్డీ, 50 శాతం దాకా పెనాల్టీ కూడా చట్టంలో ఉన్నాయి. అసలే రాని చోట వడ్డీతో ఆ మేస్త్రీ భార్య ఏం చేసుకుంటుంది?

భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1991లో వచ్చిన పబ్లిక్ లయబిలిటీ చట్టం ప్రమాదకర రసాయనాలు వాడే ఫ్యాక్టరీలకు ఇన్సూరెన్సు తప్పనిసరి చేసింది. అది గోడ బయట ఉన్నవాళ్ల కోసం. లోపల పనిచేసే కార్మికుణ్ని అందులో చేర్చలేదు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

కాలిఫోర్నియాలో పరిహారం సొంతంగానే భరిస్తామనే కంపెనీ ముందు అనుమతి తీసుకుని, సెక్యూరిటీ కట్టాలి. ఆ కంపెనీ దివాలా తీస్తే, అలాంటి కంపెనీలన్నీ చందా వేసి నడిపే నిధి కార్మికుడికి చెల్లిస్తుంది. 1984 నుంచీ ఇది ఉంది. అసలు ఇన్సూరెన్సే లేని యజమాని దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు వేరే నిధి ఉంది. ముందు కార్మికుడికి ఇచ్చి, తర్వాత యజమాని వెంట పడతారు.

మనకు చేతకాని పనేం కాదు ఇది. గ్రాట్యుటీకి ఇన్సూరెన్సు తప్పనిసరి చేస్తూ 2011లోనే ఉమ్మడి రాష్ట్రం రూల్స్ తెచ్చింది. పరిహారం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల జాబితాలో ఉన్న అంశం, కాబట్టి రాష్ట్రం చట్టం చేయవచ్చు. కేంద్ర చట్టంతో పేచీ వస్తే రాష్ట్రపతి ఆమోదం తీసుకునే దారీ ఉంది.

ఇన్సూరెన్సు తీసుకోని యజమాని సెక్యూరిటీ కట్టాలి, ఏటా నిధికి చందా వేయాలి. ఆర్డరు వచ్చి నెల దాటినా డబ్బు రాకపోతే నిధి కుటుంబానికి చెల్లించాలి. వసూలు ప్రభుత్వం చూసుకోవాలి. ఆ తల్లి చంటిబిడ్డనెత్తుకుని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగకూడదు. బిల్లు ముసాయిదా తయారు చేయించి, ప్రవేశపెట్టే ముందు అడ్డా కూలీల సంఘాలను కూడా పిలిచి మాట్లాడండి.

ఇట్లు,
పరిహారం కేసుల్లో కార్మికులకు తోడు వెళ్లే ఒక హైదరాబాద్ వాసి