చిన్నాకి, ఆ ఎర్ర చేప గురించి

చిన్నా,

ఫోన్లో చెప్తే సగం విని "సరేమ్మా, సరేమ్మా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. దగ్గర పెట్టుకుని చూసి చేసుకో. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాయనకి మోకాలి నొప్పి తగ్గింది, మళ్లీ తోటకి పోతున్నాడు. మా రొయ్యల హ్యాచరీలో ఈ వారం సీడ్, అదే రొయ్య పిల్లల ప్యాకింగ్ ఉంది కాబట్టి రాత్రిళ్లు నిద్ర లేదు. అయినా నువ్వు పంపిన వీడియో నిదానంగా చూశా.

ముందు ఒకటి అడుగుతా. ఈ చేపల తొట్టి ఎవరి కోసం? ఇంటికొచ్చిన ఫ్రెండ్స్ చూసి మెచ్చుకోవాలంటే గప్పీలు తెచ్చుకో. అవి రోజంతా ముందుకొచ్చి తోకలు ఊపుతాయి, ఏది వేసినా తింటాయి. నువ్వు మనసు పడ్డ స్కార్లెట్ బ్యాడిస్ ఆ రకం కాదు. మగది పూర్తిగా పెరిగినా రెండు సెంటీమీటర్లే. మనిషి నీడ పడితే చాలు, ఆకు చాటుకి పోతుంది. అంత పిరికిదీ వేటగాడే. కదిలే పురుగైతేనే దానికి తిండి. డబ్బాలో మేత గుళికలు వేస్తే పక్కకి తిరిగి కూడా చూడదు, ఆకలితో మాడుతుంది గానీ ముట్టదు. షాపులో కొన్న చాలామంది ఇళ్లల్లో ఇది చచ్చేది నీళ్లు బాగాలేక కాదు, తిండి లేక.

అందుకే చెప్తున్నా, చేప కోసం తొందరపడొద్దు. మా హ్యాచరీలో కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పేది వరస. నీళ్లు ముందు, మేత తర్వాత, ప్రాణి ఆఖర్న. కోట్ల పిల్లలకైనా, నీ రెండు చేపలకైనా అంతే.

ఇది మన దేశపు చేపే. బెంగాల్, అస్సాం వైపు బ్రహ్మపుత్రలో కలిసే చిన్న చిన్న వాగుల్లో నాచు దట్టంగా ఉండే చోట బతుకుతుంది. 1822లోనే హామిల్టన్ అనే స్కాట్లండ్ డాక్టర్ దీని గురించి రాశాడు. శాస్త్రం పేరు డారియో డారియో. నిదానంగా పారే తేట నీళ్లు, అడుగున సన్న ఇసుక, దాక్కోవడానికి ఆకులు. నీ తొట్టిలో కావలసింది కూడా అదే. రంగు రంగుల గులకరాళ్లూ, బుడగలు వదిలే బొమ్మలూ కొన్నావంటే నేనే వచ్చి తీసేస్తా.

నీ రూమ్మేట్ వదిలివెళ్లిన రెండడుగుల తొట్టి చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, అంటే దాదాపు 56 లీటర్లు. ఇసుక, అద్దం కలిపితే 70 కిలోల దగ్గరకి పోతుంది. కంప్యూటర్ టేబుల్ మీద పెట్టకు. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరా వద్దు. వెనకా, రెండు పక్కలా నల్ల కాగితం అంటించు. నాలుగు వైపులా మనిషి కదలిక కనపడితే ఈ చేపకి రోజంతా టెన్షనే.

సముద్రం ఒడ్డు నుంచి ఇసుక పట్టుకుపోతానన్నావే, అది మాత్రం వద్దు. మన ఇసుకలో గవ్వలు, ఆల్చిప్పల ముక్కలు నలిగి ఉంటాయి. అదంతా సున్నమే. నీళ్లలో కరిగి గట్టిదనం, పీహెచ్ (నీళ్లు పులుపా, క్షారమా చెప్పే కొలత) రెండూ పెంచుతుంది. అనుమానం ఉంటే ఒక స్పూను ఇసుక మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చెవి దగ్గర పెట్టుకో. చిర్రుమని నురగ లేస్తే పారెయ్. ఏ చప్పుడూ లేకపోతే వాడుకో. ఏటి ఇసుక తెచ్చి, పైన నీళ్లు తేటగా కనపడే దాకా కడుగు. రెండు వేళ్ల మందం చాలు.

ఇక దాక్కునే చోట్లు. ఇక్కడే అందరూ పిసినారితనం చూపిస్తారు. చేప కనపడాలని మధ్యలో ఖాళీ వదిలి ఒక మూల నాలుగు మొక్కలు నాటుతారు. అప్పుడు ఆ చేప ఆ మూలే పట్టుకుని కూర్చుంటుంది, బయటికి రాదు. తొట్టి నిండా దాక్కునే చోట్లు ఉంటేనే దానికి ధైర్యం. ఎటు పోయినా పక్కనే చాటు ఉందని తెలిస్తే తిరుగుతుంది. జావా మాస్ అని నాచు దొరుకుతుంది, గుప్పెళ్లు గుప్పెళ్లుగా వెయ్. చెక్క మొద్దు ఒకటి పెట్టి దానికి జావా ఫెర్న్ దారంతో కట్టు. దాని దుంపని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది, వేళ్లు బయటే ఉండాలి. పైన నీళ్ల మీద తేలే మొక్కలు కొన్ని ఉంటే వెలుగు తగ్గి చేపకి హాయిగా ఉంటుంది.

ఊరి చెరువులోంచి నాచు తెచ్చి వేస్తే పైసా ఖర్చు లేదు కదా అని నీకు తోస్తుంది. ఆగు. అందులో తూనీగ పిల్లలు ఉంటాయి. అడుగున చెత్తలో కలిసిపోయి కూర్చుని, దవడ చటుక్కున ముందుకి చాచి పట్టేస్తాయి. నీ రెండు సెంటీమీటర్ల వేటగాడు దానికి ఒక ముద్ద. మొక్కలు షాపులో కొన్నా సరే, వారం పాటు బకెట్లో విడిగా ఉంచి రోజూ తొంగి చూసి, తర్వాత వెయ్.

బాదం ఆకులు నేను పంపుతా. మా గేటు పక్కన చెట్టు తెలుసుగా, రాలిన ఎండుటాకులు ఏరి దుమ్ము దులిపి పెట్టా. దానికి మందు కొట్టరు కాబట్టి భయం లేదు. రెండు మూడు వెయ్, మొదట తేలతాయి, తర్వాత మునుగుతాయి. నీళ్లు లేత టీ రంగుకి వస్తాయి. పాడయ్యాయని మార్చెయ్యకు, ఈ చేపకి ఆ రంగే ఇష్టం. ఆకు కుళ్లేకొద్దీ దాని మీద కంటికి ఆనని పురుగులు పుడతాయి. రేపు చేప పిల్లలు పెడితే వాటికి మొదటి తిండి అదే.

ఫిల్టర్‌కి వేలు తగలెయ్యకు. స్పాంజి ఫిల్టర్, చిన్న ఎయిర్ పంపు, గాలి తగ్గించుకునే వాల్వు. అంతే. నీళ్లు ఉరకలు వేస్తే ఈ చేప ఈదలేదు, అలిసిపోతుంది. పంపుని నీటి మట్టం కంటే పైన పెట్టు, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి. స్పాంజిని కుళాయి కింద ఎప్పుడూ కడగొద్దు. క్లోరిన్‌కి అందులో పెరిగిన మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండు సార్లు పిండు.

ఆ బ్యాక్టీరియా పెరగడానికి నెల, నెలన్నర పడుతుంది. ఈ లోపు చేప లేదు. మీ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మేమైతే బ్లీచింగ్ కొట్టిన నీళ్లకి హైపో (సోడియం థయోసల్ఫేట్) వేసి క్లోరిన్ విరగ్గొడతాం. నీకు షాపులో అదే మందు చిన్న సీసాలో దొరుకుతుంది, సీసా మీద రాసినంతే వెయ్. నీళ్లు నింపి, ఫిల్టర్ పెట్టి, రోజూ చిటికెడు చేపల మేత వెయ్. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని ఒక బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకొకటి నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొద్దిగా ఉన్నా ఫర్వాలేదు. పీహెచ్ ఎక్కువ ఉంటే అమ్మోనియా ఇంకా కరుకు. చెరువుల రైతులు పొద్దున్నే నీళ్లు పరీక్షించే కిట్ పట్టుకుని ల్యాబ్ చుట్టూ తిరిగేది దీని కోసమే. నువ్వూ ఒక కిట్ కొనుక్కో. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వరసగా వారం పాటు చూపించాలి. తెలిసినవాళ్ల తొట్టిలో నడుస్తున్న స్పాంజి దొరికితే తెచ్చి పెట్టు, పని తొందరగా అవుతుంది. ఆ తొట్టిలో జబ్బు లేదని తెలిస్తేనే సుమా.

ఈ నెల రోజులూ ఊరికే కూర్చోకు. మేత నేర్చుకో. నాకు బాగా తెలిసిన సంగతి ఇదే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా.

ఆర్టీమియా డబ్బా నువ్వు చూసిందే, ఉప్పునీళ్లలో బతికే రొయ్య లాంటి బుల్లి ప్రాణి గుడ్లవి. మా దగ్గరికి వచ్చేవాటిలో అమెరికాలో గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సులో తీసినవి ఉంటాయి. మట్టి రంగు పొడి లాగా కనపడతాయి గానీ అన్నీ గుడ్లే. ఒక్క గ్రాములో రెండు లక్షల పైన ఉంటాయి. కాబట్టి స్పూన్లతో వెయ్యకు, నీకు చిటికెడు చాలు. లీటరు కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టు, మూత బిగించి ఉండాలి. లీటరు నీళ్లకి 25 గ్రాముల కల్లుప్పు, అయోడిన్ లేనిది. చిటికెడు వంటసోడా. గాలి గొట్టం అడుగు దాకా దించి గుడ్లు కింద పేరుకోకుండా బాగా కలతపెట్టు. 28 డిగ్రీల వేడి, పైన లైటు. ఒక పగలూ ఒక రాత్రీ గడిస్తే పిల్లలవుతాయి.

తీసేటప్పుడు గాలి ఆపి పది నిమిషాలు వదిలెయ్. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అట్టడుగుకి పోతాయి, మధ్యలో నారింజ రంగు మేఘం కదులుతుంది. అవే పిల్లలు. సెల్‌ఫోన్ లైటు ఒక పక్క పెడితే అటే గుంపుగా వస్తాయి, అక్కడ సన్న గొట్టంతో లాగు. పెంకులు వస్తే మళ్లీ నిలవబెట్టు, చేప కడుపులో అడ్డం పడతాయి. పాత సన్న గుడ్డలో వడకట్టి మంచి నీళ్లతో ఒకసారి కడిగి వెయ్, ఉప్పు తొట్టిలోకి పోకూడదు. పుట్టిన కొద్ది గంటల్లోనే పెట్టాలి. వాటి ఒంట్లో ఉన్న సొన అవే వాడుకుంటాయి, ఆలస్యమయ్యేకొద్దీ సత్తువ తగ్గుతుంది. మిగిలినవి ఉప్పునీళ్లలోనే ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పనికొస్తాయి. మా మైసిస్ దశ రొయ్య పిల్లలకి రాత్రి రెండింటికి లేచి వేసేదీ ఇవే. రొయ్య పిల్లల్ని సాకే ఇంట్లో పుట్టి, రొయ్య పిల్ల దొరికితే మింగేసే చేపని తెస్తున్నావు, అది వేరే సంగతి.

రోజూ ఇదే పెట్టినా విసుగే. డాఫ్నియా అనే బుల్లి నీటి పురుగులు దొరికితే వారంలో రెండు మూడు సార్లు వెయ్, మైక్రోవార్మ్స్ అనే సన్న పురుగులు ఇంట్లోనే డబ్బాలో పెంచుకోవచ్చు. షాపువాడు ఎర్రపురుగులు, ట్యూబిఫెక్స్ అనే దారాల్లాంటి పురుగులు అంటగడతాడు. ఈ జాతికి వాటితో ఒళ్లు పెరిగి జబ్బులొస్తాయి, వద్దు. దోమ పిల్లల కోసం బాల్కనీలో బకెట్ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో, కింద ఫ్లాట్లో పసిబిడ్డ ఉందన్నావు.

ఇక చేప. మగదే అందంగా ఉంటుంది, ఎర్రటి ఒంటి మీద నీలి గీతలు. ఆడది బూడిద రంగు, ఇంకా చిన్నది. అమ్ముడుపోదని షాపులవాళ్లు దాన్ని తెప్పించరు. అందువల్ల డబ్బాలో ఉన్నవన్నీ మగవే అయ్యుంటాయి, నీకు నాలుగు అంటగడతారు. చూస్తే పిరికివే గానీ ఒకదాన్నొకటి మాత్రం ఓర్చుకోవు. నీ తొట్టికి ఒక మగ, దొరికితే ఒకటో రెండో ఆడ. దొరక్కపోతే ఒక్కటే ఉండనీ. తోడు కావాలని గప్పీలు, టెట్రాలు కలపకు. ఇది చూసి, ఆలోచించి, మెల్లగా జరిగి నోరు తెరిచేలోపు అవి మొత్తం ఊడ్చేస్తాయి. కొనే ముందు షాపులో నీ కళ్ల ముందే ఒకసారి తినిపించమను. కడుపు లోపలికి పోయినదాన్ని తేవద్దు.

తెచ్చాక వదలడం నీకు తెలుసు. చెరువు గట్టు మీద సీడ్ కవర్లు ఎట్లా తేలేసేవాళ్లో చూస్తూ పెరిగావు. కవరు అట్లాగే తేలనిచ్చి, వేడి సమానమయ్యాక కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు కలుపుతూ పోవాలి. తొందరపడి గుమ్మరిస్తే అంతే. కవరు నీళ్లు తొట్టిలో పొయ్యకుండా చేపని మాత్రం వెయ్. ఆ రోజు లైటు వద్దు. రెండు మూడు రోజులు కనపడకపోతే చచ్చిపోయిందని చెయ్యి పెట్టి కెలకొద్దు. ఆర్టీమియా కొంచెం వేసి దూరంగా కుర్చీలో కూర్చో.

వారానికి పది, పదిహేను శాతం నీళ్లు మార్చు. 22 నుంచి 26 డిగ్రీలు దీనికి సుఖం, హీటర్ అక్కర్లేదు. మే నెలలో నీ గదిలో ఎంత కాగుతుందో నాకు తెలుసు, అప్పుడు నీళ్ల మీదకి చిన్న ఫ్యాన్ పెట్టు. రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్లకి ఆర్వో నీళ్లు పొయ్, కుళాయివి పోస్తూ పోతే గట్టిదనం పెరుగుతుంది.

మా సార్ని అడిగి, తెరిచిన డబ్బాలోంచి కొంచెం ఆర్టీమియా తీసుకుని బిగించి పెట్టా. దాన్ని ఫ్రిజ్‌లో ఉంచు. బాదం ఆకులు, సన్న మెష్ గుడ్డ ముక్క, మీ నాయన ఇచ్చిన సపోటాలు ఒకే పెట్టెలో శనివారం బస్సుకి వేస్తున్నాం. సపోటాలు పచ్చివి, ఆగి తిను. కిట్ పెట్టిన రోజల్లా సీసా రంగు ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్. నైట్రైట్ సున్నా అని నేను చెప్పే దాకా షాపువాడికి అడ్వాన్స్ కట్టకు.

మీ అమ్మ