తమ్ముడి జబ్బుకు కారణం తేల్చినవారికి కృతజ్ఞతలు

మా తమ్ముడి ఫైలు మీద చాలాకాలంగా ఉన్న ‘కారణం తెలియని న్యూరోపతి’ (నరాల జబ్బు) అన్న మాట ఇక లేదు. న్యూరోఫాసిన్ 155 మీద యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. మైలిన్ తొడుగు అంచులను నరానికి బిగించి ఉంచే ప్రోటీన్ అది. జబ్బు పేరు ఆటోఇమ్యూన్ నోడోపతి, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేయడం. 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్ని, రక్షణ వ్యవస్థే నరాల మైలిన్‌ను దెబ్బతీసే సీఐడీపీ అనే జబ్బు నుంచి విడదీసి చూపాయి.

మొదటి నమస్కారం మా న్యూరాలజిస్టు గారికి. షుగరు, బి12, థైరాయిడ్ అన్నీ మామూలే. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించినా గుణం కనిపించలేదు. ‘అలవాటు చేసుకోవాలి’ అని అంతకుముందు ఒకచోట చెప్పి పంపేశారు, ఆ మాటకు ఇప్పటికీ నాకు కోపమే. ఈయన మాత్రం తమ్ముణ్ణి చేతులు చాపమన్నారు, కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. చేతుల్లో వణుకు, నిలబడితే తూలడం, చిన్న వయసు, ఐవీఐజీ పనిచేయకపోవడం, ఈ నాలుగూ కలిపి చూసి అనుమానపడ్డారు. దొరికిన యాంటీబాడీ పరీక్షలన్నీ రాసి పడేయలేదు. రక్తంలో అసాధారణ ఐజీఎమ్ (ఒక రకం యాంటీబాడీ) ప్రోటీన్ లేదు కాబట్టి, మ్యాగ్ అనే మరో మైలిన్ ప్రోటీన్ మీద యాంటీబాడీలు వెతికే పరీక్ష ఇప్పుడు అక్కర్లేదన్నారు. లక్షణాలతో పొంతన లేని పరీక్ష చేయిస్తే, బలహీనమైన పాజిటివ్ ఒకటి వచ్చి దారి తప్పిస్తుందట.

ల్యాబులో రక్తం తీసిన అమ్మాయికి ప్రత్యేకంగా. ఐవీఐజీ మళ్ళీ ఎప్పుడని తనే అడిగి, దానికి ముందే నమూనా తీసుకుంది. వేలమంది దాతల యాంటీబాడీలు ఆ మందులో ఉంటాయి, అవి ఫలితాన్ని గందరగోళం చేయవచ్చు. న్యూరోఫాసిన్‌ను పైపొర మీద మోసే కణాలపై రోగి సీరం పోసి, యాంటీబాడీ అతుక్కుంటుందో లేదో చూస్తారని ఓపికగా వివరించింది కూడా.

తమ్ముడి యాంటీబాడీలు ప్రధానంగా ఐజీజీ4 అనే రకమని వచ్చాక ఐవీఐజీ ఎందుకు పనిచేయలేదో అర్థమైంది. ఆ మందు అడ్డుకునే కాంప్లిమెంట్ వ్యవస్థను (రక్తంలోని రక్షణ ప్రోటీన్ల గుంపు) ఈ రకం దాదాపుగా కదిలించదు. యాంటీబాడీలు తయారుచేసే కణాలకు మూలమైన బి కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ మొదలుపెట్టారు. వణుకు తగ్గింది, చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. పాదాల తిమ్మిరి అలాగే ఉంది. అది పూర్తిగా పోతుందని డాక్టరు గారు మాట ఇవ్వలేదు, అందుకూ ఆయన మీద గౌరవం పెరిగింది.

పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకోమని చెప్పిన తోటి రోగులకు, తమ్ముడి విసుగును భరిస్తూ రోజూ నడిపిస్తున్న ఫిజియోథెరపిస్టు గారికి మా ఇంటిల్లిపాది నమస్కారాలు.