కడుపునొప్పి వెనుక ఉన్న మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

కిందటి నెలలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వరుసగా మూడు గురువారాలు కడుపునొప్పి అంటూ నా గదికి వచ్చాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. క్లాసు ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తని మా ఉపాధ్యాయులలో కొందరు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. గురువారం మూడో పీరియడులో గ్రూపు చర్చ ఉంటుందనీ, అందరూ ఒకేసారి మాట్లాడే ఆ నలభై నిమిషాలను తలచుకోగానే ఆటిజం ఉన్న ఆ పిల్లవాడి కడుపు మెలిపెడుతుందనీ, దానిని భయం అంటారని మాత్రం అతనికి తెలియదనీ మాకు ఆలస్యంగా అర్థమైంది. అతడు అబద్ధమాడలేదు, తనకు తెలిసినంత నిజం చెప్పాడు.

తనలో కలిగే భావాన్ని గుర్తించి దానికి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారు. మనోవైద్యుడు పీటర్ సిఫ్నియోస్ 1970ల తొలినాళ్లలో గ్రీకు పదాలతో కూర్చిన మాట ఇది. 2019లో వెలువడిన ఒక పరిశోధనా సమీక్ష ప్రకారం ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందిలో, లేనివారిలో సుమారు 5 శాతం మందిలో ఈ లక్షణం కనిపిస్తుంది. అంటే ఆటిజం ఉన్న ప్రతి బిడ్డకూ ఇది ఉంటుందని కాదు. ఉన్న బిడ్డకు భావాలు లేవని అంతకన్నా కాదు. ఆకలి, దాహం, గుండె వేగం వంటి లోపలి సంకేతాలు కొందరికి స్పష్టంగా అందవు, మరికొందరికి భరించలేనంత గట్టిగా అందుతాయి. అందువల్ల నొప్పి అన్న ప్రతిసారీ ముందు ఒంటిని డాక్టరుకు చూపించండి, ఆ తరువాతే మనసు సంగతి.

మా వైపు జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఇంతకాలం మా గోడలపై హ్యాపీ, శాడ్, యాంగ్రీ అనే మూడు బొమ్మల చార్టు వేలాడుతూ ఉండేది. పదిహేనేళ్ల పిల్లలకు అది చిన్నపిల్లల బొమ్మలాట. పైగా నానమ్మ ఊరికి వెళ్లిపోయిన రోజున కలిగేది ఉత్త ‘శాడ్’ కాదు, బెంగ. అందరి ముందూ ఓడిపోయి ఏమీ చేయలేక రగిలిపోవడం ఉక్రోషం, దగ్గరివాళ్లు వచ్చి బుజ్జగించాలని కోరుకునే కోపం అలక. తెలంగాణ ఇళ్లలో దిగులుకు రంది, భయానికి బుగులు అనే మాటలున్నాయి. ఇంత సన్నని తేడాలను చెప్పగల మాటలు ఇంట్లోనే ఉండగా మేము అరువు చార్టు తెచ్చుకున్నాము.

అయితే మన జాతీయాలతో కొంత జాగ్రత్త అవసరం. ‘నాకు ఒళ్లు మండిపోతోంది’ అని ఒక తల్లి విసుక్కుంటే, ఆమె కూతురు వెళ్లి థర్మామీటరు తెచ్చి ఇచ్చిందట. అటువంటప్పుడు నవ్వి ఊరుకోకుండా, ‘ఆటో ఎంతకూ రాలేదు, నా భుజాలు బిగుసుకుపోయాయి, దీన్ని చిరాకు అంటారు’ అని కారణాన్ని, ఒంటి గుర్తును, పేరును కలిపి చెప్పండి. పిల్లలను ప్రశ్నలడగడం కన్నా పెద్దలు తమ సంగతి ఇలా పైకి చెప్పుకోవడమే ఎక్కువ ఉపయోగపడుతోందని మా అనుభవం.

అడగవలసి వస్తే ‘ఎందుకిలా చేస్తున్నావు?’ అని కాకుండా, ‘ఛాతీలో బరువుగా ఉందా, కడుపులో తిప్పుతోందా?’ అని అడగండి. తీవ్రతను చెప్పడానికి ఒక విద్యార్థి తానే ఫ్యాను రెగ్యులేటరును ఎంచుకున్నాడు: రెండు అంటే ఓర్చుకోగలడు, నాలుగు అంటే గది వదిలి వెళ్లాలి. ఐదుకు చేరాక ఏ ప్రశ్నా వద్దు. వెలుతురు, చప్పుడు తగ్గించి, చేతులు ఊపుతున్నా ముందుకూ వెనక్కూ ఊగుతున్నా ఆపకుండా పక్కన ఉండండి. పేరు వెతకడం మరునాటి పని. నోటితో చెప్పలేని పిల్లలు కార్డు చూపినా, ఫోనులో టైపు చేసినా అదీ చెప్పడమే.

ఈ శనివారం మీ పిల్లలతో ఒక చిన్న నోటుపుస్తకం పంపుతున్నాము. భావాలకు మీ ఇంట్లో వాడే మాటలను, ఒక్కోదాని పక్కన మీ బిడ్డ ఒంట్లో మీరు గమనించిన గుర్తును రాసి, ఆ పుటను మీ బిడ్డకు చూపించి, అతడు లేదా ఆమె కొట్టివేసినవి కొట్టివేసినట్టే ఉంచి, వచ్చే గురువారంలోగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు