సాయంత్రం బడి ఎలా నడిచింది: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ సంఘం చేసిన పనుల్లో వీధి దీపాలు, డ్రైనేజీ, వినాయక చవితి, బతుకమ్మ ఏర్పాట్ల సంగతి అందరికీ తెలిసిందే. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టాం, సర్వసభ్య సమావేశంలో కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ భాగం కమ్యూనిటీ హాల్లో సాయంత్రం పూట మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు నడుపుతున్న బడి గురించే రాస్తున్నాను, ఎందుకంటే సభ్యులు ఎక్కువగా అడిగింది దాని గురించే, అదీ ఒకటే ప్రశ్న: "ఇంతకీ అక్కడ ఏం నేర్పుతున్నారండీ? ఎప్పుడు చూసినా పిల్లలు మాట్లాడుతూనే ఉంటారు, రాస్తున్నట్టు కనబడరు."

నిజమే, మాట్లాడిస్తున్నాం. ఎందుకో చెబుతాను.

జూన్‌లో బడులు తెరవగానే పిల్లలందరినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి చదివించి చూశాం. దీనికి అసర్ సర్వేలో (ప్రథమ్ సంస్థ దేశమంతటా పిల్లల చదువు స్థాయి చూసే సర్వే) వాడే పద్ధతే వాడాం: ముందు అక్షరాలు, తర్వాత చిన్న పదాలు, తర్వాత ఒకటో తరగతి స్థాయి పేరా, చివర రెండో తరగతి స్థాయి కథ. 2025 జనవరిలో వచ్చిన అసర్ 2024 నివేదిక ప్రకారం దేశంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన వాళ్లు 27.1 శాతమే. 2022లో అది 20.5 శాతం, అంటే కరోనా తర్వాత కొంత కోలుకున్నాం, అంతే. అది పల్లెల్లో చేసిన సర్వే, మనది సిటీ చివర కాలనీ. అయినా మా హాల్లో కూర్చుని వింటే ఆ లెక్క ఎవరికీ అతిగా అనిపించదు.

ఆ పరీక్షకు మేము ఒకటి కలిపాం. కథ గడగడా చదివేసిన పిల్లల్ని, పుస్తకం మూసి "ఏం జరిగిందో చెప్పు" అని అడిగాం. అక్కడ బయటపడింది అసలు విషయం. గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర ఆగిపోతున్న పిల్లలు కొందరున్నారు, వాళ్ల ఇబ్బంది ఎవరికైనా కనబడుతుంది, బడిలో టీచర్‌కీ తెలుసు, ఇంట్లో అమ్మకీ తెలుసు. కానీ ఒక్క అక్షరం కూడా తప్పకుండా, గుక్క తిప్పుకోకుండా చదివి, చదివిందాంట్లో ఏముందో చెప్పలేని పిల్లలు అంతకంటే తక్కువేం లేరు, వాళ్ల గురించి ఎవరికీ టెన్షన్ లేదు, ఎందుకంటే వాళ్లకు "చదువు వచ్చు". తెలుగులో చాలావరకు రాసినట్టే పలుకుతాం కదా, అక్షరాలు, ఒత్తులు పట్టుబడితే తెలియని మాటనైనా పిల్లలు పలికేయగలరు. అందుకే మన దగ్గర ఈ లోటు అంత తేలిగ్గా కనబడదు.

గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక చిన్న సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే రెండింటి గుణకారం: ఒకటి అక్షరాలను మాటలుగా పలకగలగడం, రెండోది ఆ మాటలు విన్నప్పుడు అర్థం చేసుకోగలగడం. కూడిక కాదు, గుణకారం. ఒక వైపు సున్నా ఉంటే రెండో వైపు ఎంత ఉన్నా వచ్చేది సున్నాయే. మన బడులు, ట్యూషన్లు మొదటి దాని మీదే పడి ఉంటాయి, రెండోది దానంతటదే వస్తుందనుకుంటాయి. రాదు.

తల్లిదండ్రుల మీటింగ్‌లో ఇది చూపించడానికి బోర్డు మీద ఒక వాక్యం రాశాం: "తుంబడు గొరంలో నిమటగా లుపాడు." తుంబడు ఎక్కడ లుపాడు అని అడిగితే అందరూ "గొరంలో" అన్నారు. ఎలా లుపాడు అంటే "నిమటగా" అన్నారు. రెండూ కరెక్టే, పరీక్షలో అయితే పూర్తి మార్కులు పడతాయి, కానీ ఆ వాక్యానికి అర్థమే లేదు, అవి మేము కల్పించిన మాటలు. మీ పిల్లలు గైడ్లు చూసి రాసే జవాబుల్లో చాలావరకు ఇవేనని చెప్పాం. ఆ రోజు తర్వాత "హోంవర్క్ ఎందుకు ఇవ్వడం లేదు" అనే ప్రశ్న బాగా తగ్గింది.

కాబట్టి ఈ ఏడాది పని అంతా మాటల మీద, మాట్లాడటం మీద నడిచింది. వారానికి ఐదారు మాటలే తీసుకున్నాం. ఏ మాటలు అన్నదే ముఖ్యం. ఆవు, చెట్టు, అన్నం లాంటివి నేర్పాల్సిన పనిలేదు. కిరణజన్య సంయోగక్రియ లాంటివి ఆ పాఠం వచ్చినప్పుడు బడిలో చెబుతారు. మధ్యలో ఉన్నవి ఎవరూ నేర్పరు: కారణం, ఫలితం, క్రమం, పోల్చడం, గమనించడం, తటపటాయించడం, ఉదారంగా, నిర్లక్ష్యం. ఇవి ప్రతి సబ్జెక్టులోనూ వస్తాయి, లెక్కల్లో కూడా. "సీత దగ్గర 12 గోళీలు ఉన్నాయి. ఇవి రవి దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని?" అంటే నాలుగో తరగతి పిల్లల్లో ఎక్కువ మంది 17 అన్నారు. 'ఎక్కువ' కనబడగానే కూడేశారు. గోళీలు తెచ్చి నేల మీద పెట్టి, ఆ వాక్యాన్ని వాళ్ల సొంత మాటల్లో చెప్పమన్నాక 7 అని వాళ్లే దిద్దుకున్నారు. వాళ్లకు కూడికా తీసివేతా రెండూ వచ్చు, రానిది ఆ వాక్యం.

అర్థాలు నోటుబుక్‌లో రాయించడం మేము పెట్టుకోలేదు. ఒక కఠిన పదానికి అర్థంగా ఇంకో కఠిన పదాన్ని బట్టీ పట్టడం తప్ప దానివల్ల ఏమీ రాదు. 'తటపటాయించడం' నేర్పాలంటే నటించి చూపించాం, పిల్లల చేత నటింపజేశాం, నువ్వెప్పుడు తటపటాయించావో చెప్పమన్నాం, వచ్చే వారం కథలో మళ్లీ ఆ మాట తగిలేలా చూశాం. ఒక మాట ఒక్కసారి వింటే నిలవదు, వేర్వేరు చోట్ల మళ్లీ మళ్లీ ఎదురు కావాలి. ఐదో తరగతి వాళ్లకు మాటలను విడదీయడం కూడా అలవాటు చేశాం. న్యాయం–అన్యాయం, సాధ్యం–అసాధ్యం, భయం–నిర్భయం, దోషి–నిర్దోషి చూశాక, తెలియని మాట వస్తే ముందు దాన్ని విరిచి చూడటం మొదలుపెట్టారు.

కథ చదివేటప్పుడు మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతాం. చేపల్ని మాయ చేసిన కొంగ కథ అందరికీ తెలుసు. కొంగ చేపలతో ఏం చెప్పింది అనే ప్రశ్నకు జవాబు పేజీలోనే ఉంటుంది, వెతికి వేలు పెట్టి చూపిస్తారు. చేపలు దాని మాట ఎందుకు నమ్మాయి అంటే మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అది పేజీలో ఎక్కడా లేదు. చెరువు ఎండిపోతుందన్న భయం వల్ల నమ్మాయని ఒకరు, ముసలి కొంగ కదా పాపం అనుకున్నాయని ఇంకొకరు, అలా మొదలవుతుంది గొడవ. ఆ గొడవే మాకు కావాల్సింది. హాలు బయట నడుస్తూ వెళ్లే సభ్యులకు వినబడే అల్లరి చాలావరకు ఇదే. పొడుపు కథలు కూడా ఇందుకే పెట్టాం. అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది అంటే ఏమిటని అడిగితే, చెప్పని దాన్ని చెప్పినదాని నుంచి పట్టుకోవాలి. మిక్సీలున్న ఇళ్లలో పెరిగిన పిల్లలకు కవ్వం చూపించాల్సి వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే వాళ్లు బేస్‌బాల్ గురించిన పేరా ఇచ్చి పిల్లల్ని పరీక్షించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదువుతూ ఆట తెలియని పిల్లల కంటే బాగా అర్థం చేసుకున్నారు. మా హాల్లోనూ అదే కనబడింది. పాలమూరు నుంచి వచ్చి మన పక్కనే అపార్ట్‌మెంట్ల పనిలో ఉన్న మేస్త్రీల పిల్లలు, బడిలో 'డల్' అని పేరుపడ్డవాళ్లు, ఇల్లు కట్టడం గురించిన పాఠం రాగానే పునాది, సెంట్రింగ్, స్లాబ్, క్యూరింగ్ అన్నీ వరసగా చెప్పి మిగతా పిల్లలకు పాఠం చెప్పేశారు. పిల్లలకు తెలివి లేదనే ముందు, ఆ పాఠంలో ఉన్న లోకం వాళ్లు ఎప్పుడైనా చూశారా అని అడగాలి. అందుకే పోస్టాఫీసుకి, రైతు బజారుకి తీసుకెళ్లాం, వచ్చాక చూసినదాని గురించి చదివాం. వెంట వచ్చిన సభ్యులకు కృతజ్ఞతలు.

ఇంగ్లీషు గురించి అడిగేవాళ్లకు: 2022–23 నుంచి మన తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, పుస్తకాలు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. దీన్ని మేము బాగా వాడుకున్నాం. ముందు తెలుగు పేజీ చదివి, దాని గురించి మాట్లాడి, తర్వాత ఇంగ్లీషు పేజీకి వెళ్తే పిల్లలు దాన్ని పట్టుకోగలుగుతున్నారు. నేరుగా ఇంగ్లీషు పేజీతో మొదలుపెడితే మళ్లీ తుంబడు గొరంలో పడతాం. ఇంట్లో లంబాడీ, ఉర్దూ, ఒడియా మాట్లాడే పిల్లలున్నారు, వాళ్లు కథను ముందు వాళ్ల భాషలోనే చెప్పవచ్చని పెట్టాం. పక్కనున్న స్నేహితురాలు తెలుగులో చెబుతుంది. ఇద్దరికీ లాభమే.

పుస్తకాల విషయం క్లుప్తంగా. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి, వాటిని ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించాం. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు కొన్ని సభ్యులు ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్లనిస్తున్నాం, చిరుగుతున్నాయి, చిరగనివ్వండి.

ఇబ్బందులు: సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన కుటుంబాలు కొన్ని చాలా ఆలస్యంగా తిరిగొచ్చాయి. గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష కోసం నాలుగో తరగతి పిల్లలు కొందరు కోచింగ్‌కి వెళ్లిపోయారు, వాళ్లను తప్పుపట్టలేం, సీటు వస్తే ఆ ఇంటికి అది చాలా పెద్ద విషయం. డిగ్రీ చదివే వాలంటీర్లు సెమిస్టర్ పరీక్షలప్పుడు రాలేరు. హాలు ఫంక్షన్లకు ఇచ్చిన రోజుల్లో మెట్ల మీద కూర్చున్నాం.

మార్చిలో మళ్లీ అదే పరీక్ష పెట్టాం. గడగడా చదివే పిల్లల్లో చాలామంది ఇప్పుడు కథను మొదలు, మధ్య, చివర ఉండేలా సొంత మాటల్లో చెబుతున్నారు, అర్థం కాని మాట వస్తే ఆగి అడుగుతున్నారు. ఆ ఆగడం నాకు అన్నిటికంటే సంతోషంగా ఉంది. ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లల్లో మాత్రం మార్పు నెమ్మదిగా ఉంది, వాళ్లకు విడిగా, చిన్న గుంపుల్లో రోజూ కూర్చునే మనిషి కావాలి. మూడో తరగతి చివరికి పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవాలన్న కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యానికి గడువు 2026–27, ఆ గడువు లోపలే మన మూడో తరగతి వాళ్లకు ఎక్కువ సమయం ఇవ్వాలని కమిటీ అనుకుంటోంది.

వచ్చే ఏడాదికి సభ్యులను అడిగేవి మూడు. వారానికి ఒక సాయంత్రం, ఒక గంట, నలుగురు పిల్లలతో కూర్చోగలిగిన వాళ్లు పేరు ఇవ్వండి. తెలుగు చదవడం వస్తే చాలు, ఎలా అడగాలో మేము చూపిస్తాం. రెండు, సోమవారం నుంచి శుక్రవారం వరకు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా హాలు వేరే వాటికి ఇవ్వకూడదని తీర్మానం పెడుతున్నాం, దయచేసి మద్దతు ఇవ్వండి. మూడు, మీ ఇంట్లో పనిచేసే వాళ్ల పిల్లలు ఈ తరగతుల్లో ఉంటే పంపమని చెప్పండి, ఫీజు లేదని కూడా చెప్పండి, ఫీజు ఉంటుందేమోనని రానివాళ్లు ఇంకా ఉన్నారు. పేర్ల పుస్తకం హాల్లో వాచ్‌మన్ దగ్గర ఉంది.

మీ
కార్యదర్శి